‘ఊరంతా’ అంటే ఎవరు

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ల తర్వాత, ఒక జూన్ నెలాఖరున, నన్ను కరీంనగర్ నుంచి మంచిర్యాల వైపు గోదావరి ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్నపు ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. అంతకు ముందు అదే పని చేసేవాణ్ణి లెక్చరర్ అనేవారు. పేరు మారింది గానీ సుద్దముక్క మారలేదు. ఆ కళాశాలలో సమాజశాస్త్రానికి మంజూరైన పోస్టు ఒక్కటే. అంటే శాఖాధిపతినీ నేనే, శాఖలో మిగతా సిబ్బందినీ నేనే, బీరువా తాళంచెవి మోసేవాణ్ణీ నేనే. కళాశాల పేరూ, తర్వాత చెప్పబోయే పల్లె పేరూ రాయడం లేదు. ఎందుకో చదివితే తెలుస్తుంది.

నేను స్వతహాగా భయస్తుణ్ణి. మా నాన్నను బాపు అనేవాళ్లం, ఆయన బొగ్గుబాయిలో దిగేవాడు. షిఫ్టు సైరన్ మోగిన తర్వాత ఆయన సైకిలు క్వార్టర్ల సందులోకి తిరిగేదాకా మా అవ్వ, అంటే అమ్మ, గడపలోంచి లేచేది కాదు. ఆ ఆదుర్దా ఒక్కటే నాకు సంక్రమించిన ఆస్తి. తాళం వేశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. అలాంటివాడు పిల్లలకు ప్రశ్నించడం నేర్పడానికి పూనుకోవడం విడ్డూరమే.

పిల్లలు జవాబు రాసే పద్ధతి అన్ని కళాశాలల్లోనూ ఒక్కటే: ఉపోద్ఘాతం, నిర్వచనం, లక్షణాలు, ప్రాముఖ్యత, ముగింపు. కుటుంబం గురించి అడిగినా, కులం గురించి అడిగినా ఇవే ఐదు మెట్లు. ఒకమ్మాయి నేరం గురించి రాస్తూ ‘నేరం యొక్క ప్రాముఖ్యత’ అని శీర్షిక పెట్టి ఒక పేజీ నింపింది. నేరానికి ప్రాముఖ్యత ఏమిటమ్మా అంటే, “గైడ్ల ఉన్నది సార్” అంది. గైడులో నిజంగానే ఉంది.

ఆ ఏడు మారిన సిలబస్‌లో ‘విమర్శనాత్మక ఆలోచన’ అని ఒక పాఠం కొత్తగా చేరింది. బోర్డు మీద ఆ మాట రాసి వెనక్కి తిరిగేసరికి ఎవరో అడిగారు, “సార్, విమర్శ అంటే తిట్టుడే గద?” అని. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్ల తప్పేం లేదు. రోజూ పేపర్లో నాయకులు ఒకరి మీద ఒకరు విమర్శలు గుప్పిస్తారు, మరునాడు వాటిని తిప్పికొడతారు. జనం నోట్లో ఆ మాటకు ఉన్న అర్థం అదే. విమర్శ అంటే మంచిచెడ్డలు తూచి చూడడమని, తిట్టడం కాదని చెప్పి, నోట్సు రాయించి ముందుకు పోయాను. నిఘంటువులో ఉన్న అర్థమే ఊళ్లోనూ చెల్లుతుందనుకోవడం నా మొదటి పొరపాటు.

పాఠాన్ని నోట్సుతో వదలకుండా తరగతిలో ఒక అలవాటు పెట్టాను. ఎవరైనా ‘అందరు గట్లనే అంటరు సార్’ అంటే పాఠం అక్కడే ఆపేసేవాణ్ణి. అందరు అంటే ఎవరు, పేర్లు చెప్పు, వాళ్లను ఎవరడిగారు, అడగనివాళ్లు ఎంతమంది అని నిలబెట్టి అడిగేవాణ్ణి. మొదట విసుక్కున్నారు. రెండు నెలలకు వాళ్లలో వాళ్లే ఒకరినొకరు ఆపుకోవడం మొదలుపెట్టారు. బస్సులో కండక్టరును కూడా ఆపారని తెలిసింది. సంతోషం వేసిందని దాచుకోను.

మూడో సంవత్సరం చివరి సెమిస్టరులో ప్రాజెక్టు ఉంటుంది. విద్యార్థి ఒక విషయం ఎన్నుకుని, క్షేత్ర పరిశీలన చేసి, అంటే ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నపత్రం నింపుకుని వచ్చి, రికార్డు రాయాలి. బయటి కళాశాల నుంచి ఒక పరీక్షకుడు వచ్చి మౌఖిక పరీక్ష పెట్టి మార్కులు వేస్తాడు. ప్రాజెక్టు తప్పితే డిగ్రీ చేతికి రాదు. నిజానికి ఈ ప్రశ్నపత్రాలు చాలావరకు బస్టాండు బెంచీ మీదే నిండుతాయి. ఒకే పెన్ను, ఒకే దస్తూరి, అన్ని ఇళ్లలోనూ ఒకే జవాబు. దొంగ లెక్కలు అరికట్టాలని నేనొక నియమం పెట్టాను: జవాబు చెప్పిన ప్రతి మనిషి పేరు, ఇంటి నంబరు, సంతకం లేదా వేలిముద్ర ఒక పట్టీ మీద తీసుకుని అనుబంధంగా జతచేయాలి. పట్టీ లేని ప్రాజెక్టు చెల్లదు. ఈ నియమం చూసి ప్రిన్సిపాల్ స్టాఫ్ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు కూడా. అది రెండో పొరపాటు, మొదటిదానికన్నా పెద్దది.

మమత అనే అమ్మాయి లక్సెట్టిపేట దారిలో ఉన్న ఒక పల్లె నుంచి బస్సు పాసు మీద వచ్చేది. తండ్రి లచ్చయ్యకు రెండెకరాల వరి. తరగతిలో ముందు బెంచీ కాదు, వెనుక బెంచీ కాదు. మాట తక్కువ, కానీ ‘అందరు’ అన్న మాట ఎవరి నోట వచ్చినా ముందుగా పట్టుకునేది ఆమే. ఆమె ఎన్నుకున్న విషయం వాళ్ల ఊరి గ్రామాభివృద్ధి కమిటీ.

దీని గురించి మా ప్రాంతం కానివాళ్లకు కొంచెం చెప్పాలి. ఉత్తర తెలంగాణ పల్లెల్లో పంచాయతీ కాకుండా ఇలాంటి కమిటీ ఒకటి ఉంటుంది. జనం ‘వీడీసీ’ అంటారు. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. గుడులు కట్టించి, బడికి గదులు వేయించి మంచి పేరు తెచ్చుకున్న కమిటీలు ఉన్నాయి. మాట వినని ఇంటిని వెలివేసేవీ ఉన్నాయి. మమత ఊళ్లో దాన్ని ‘మాట బందు’ అనేవారు. ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడరాదు, కిరాణంలో ఉప్పు కూడా ఇవ్వరాదు, పొలంలోకి కూలీ రారాదు. మాట్లాడినవాళ్లకూ అదే శిక్ష. మల్లవ్వ అనే ఒంటరి మనిషి, రోడ్డు పక్కనున్న తన జాగా కమిటీ కట్టాలనుకున్న కొత్త షెడ్డుకు ఇవ్వనన్నందుకు ఏడాదిగా ఈ బందులో ఉంది. అలా తీర్మానించింది ఎవరంటే ‘ఊరంతా’ అని జవాబు. మమత నలభై ఇళ్లకు వెళ్లి ఒక్కటే ప్రశ్న అడిగింది: బందు పెట్టేముందు మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

ఎవరూ అడగలేదని నలభై ఇళ్లలోనూ చెప్పారు. “ఆడోళ్లను ఎవలడుగుతరు బిడ్డ” అన్న జవాబు పేజీ పేజీకీ ఉంది. సంతకాలు ఉన్నాయి, వేలిముద్రలు ఉన్నాయి, నా నియమం ప్రకారం ఇంటి నంబర్లతో సహా. పట్టీ అసలు ప్రతిని నేను సరిచూసి బీరువాలో పెట్టి తాళం వేశాను. నా సర్వీసులో అంత నిజాయతీ గల క్షేత్ర పరిశీలన అంతకుముందు చూడలేదు.

రికార్డు చేతిరాత ప్రతిని మమత టైపు చేయించడానికి బస్టాండు దగ్గరి జిరాక్సు సెంటరుకు ఇచ్చింది. మొదటి పేజీ మీద ఇలా ఉంది: ‘ఊరంతా అంటే ఎవరు? మా గ్రామ కమిటీ నిర్ణయంపై ఒక విమర్శ’. టైపు చేసే అతనిది ఆమె ఊరే. నా నిఘంటువు అర్థం అతనికి ఎవరూ నోట్సు రాయించలేదు. లచ్చయ్య బిడ్డ కమిటీని పుస్తకంలో తిట్టిందని, దాని మీద నలభై మంది సంతకాలు పెట్టారని ఆ సాయంత్రానికల్లా ఊరికి కబురు చేరింది.

బుధవారం పొద్దున పదకొండు గంటలకు కమిటీ అధ్యక్షుడు నర్సయ్య, ఇంకొక పెద్దమనిషి మా శాఖ గదికి వచ్చారు. తెల్లటి అంగీలు, చేతుల్లో తువ్వాలలు, ఎంతో మర్యాద. కూర్చోమంటే నేను కూర్చున్నాకే కూర్చున్నారు. నర్సయ్య మెల్లగా చెప్పాడు. “సార్, మీ పిల్ల మా ఊరి మీద విమర్శ రాసిందట. పిల్ల మీద మాకు కోపం లేదు, సదువుకునే పిల్ల. గా సంతకాలు వెట్టినోళ్లు ఎవలో జర సూపియ్యుండ్రి. మాకు గంతే గావాలె.”

విమర్శ అంటే తిట్టడం కాదని, తూచి చూడడమని, తరగతిలో చెప్పిందే వాళ్లకూ చెప్పాను. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. “సార్, నేను రోజు పేపర్ సదువుత. విమర్శ అంటే ఏందో మాకెర్కనే” అన్నాడు. తర్వాత గడువు చెప్పాడు. ఐతారం, అంటే ఆదివారం పొద్దున కమిటీ కూర్చుంటుంది. అప్పటిలోగా పట్టీ చూపించకపోతే లచ్చయ్య ఇంటికీ మాట బందు పడుతుంది. నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

అప్పుడు ఏప్రిల్. యాసంగి వరి కోతకు వచ్చి ఉంది. బందు పడితే లచ్చయ్య పొలానికి కోతమిషను రాదు, వడ్లు మోయడానికి హమాలీ రాడు. ఆ రోజుల్లో సాయంత్రమైతే మబ్బులు కమ్ముతున్నాయి. ఒక్క రాళ్లవాన పడితే రెండెకరాల గింజ మట్టిలో కలుస్తుంది. పట్టీ ఇస్తే నలభై ఇళ్లు ఒక్కొక్కటిగా కమిటీ ముందు నిలబడాలి. పట్టీ చింపేస్తే నా నియమం ప్రకారమే మమత ప్రాజెక్టు చెల్లదు, డిగ్రీ ఆగిపోతుంది. ఫలితాలు వచ్చేదాకా రికార్డులు భద్రపరచడం శాఖాధిపతి బాధ్యత కాబట్టి నాకూ మెమో తప్పదు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అనేవారు, నాకు పక్కలకు కూడా గోతులే కనిపించాయి.

ప్రిన్సిపాల్ పెద్దగా ఆలోచించలేదు. ఒక జిరాక్సు తీసి ఇచ్చేయండి, మనం ఇక్కడ ఉద్యోగం చేసుకోవాలి, వాళ్లతో మనకెందుకు అన్నారు. మనసు బాగా లేకపోతే ఆదివారం కొండగట్టు పోయి అంజన్న దర్శనం చేసుకు రమ్మని కూడా సలహా ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, రిటైర్మెంటు దగ్గరపడ్డవాడు. ఆ రోజు బీరువా తాళం నాలుగుసార్లు లాగి చూశాను. ఎవరైనా తీసుకుంటారని కాదు, ఆ కాగితం లోపల లేకపోతే బాగుండునన్న ఆశ ఏమో.

రాజనీతిశాస్త్రం చెప్పే ఖాదర్ నాకు పాత స్నేహితుడు. కరీంనగర్‌లో వాళ్లది బట్టల దుకాణం. ఆ ధోరణిలో ఏ సమస్యనైనా మూర పెట్టి కొలిచినట్టు మాట్లాడతాడు. పోలీసులకు చెబుదామా అని అడిగాను. “చెప్పు భాయ్. ఆల్లు వస్తరు, పోతరు. కోతమిషను మాత్రం రాదు” అన్నాడు. మరేం చేయమంటావు అంటే, “నువ్వు ఫికర్ జేస్తే నీ బీపీ పెరుగుతది గని గా పట్టీ మీద పేర్లు తగ్గయి. జర సబర్ కరో. ముందుగాల గా పిల్లనడుగు” అన్నాడు. అప్పటిదాకా ప్రిన్సిపాల్‌ను అడిగాను, ఖాదర్‌ను అడిగాను, నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మమతను అడగాలని తట్టనే లేదు.

గురువారం ఆమెను పిలిపించాను. కళ్లు వాచి ఉన్నాయి. బాపు తనతో రెండు రోజులుగా మాట్లాడడం లేదని చెప్పింది. నా దగ్గర ఉపాయం తయారుగా ఉంది: ఈ ప్రాజెక్టు వదిలేసి, ‘గ్రామీణ కుటుంబం’ అని గైడులో ఉన్నదే రాసివ్వు, పట్టీ నేనే చూసుకుంటాను, మార్కులకు ఢోకా లేదు. ఆమె తల దించుకునే అడిగింది.

“నేను రాసింది తప్పా సార్?”

లేదన్నాను.

“మరెందుకు మార్చాలె సార్?”

ఏడాదంతా ప్రశ్నలు అడగమని ప్రాణం తీసినవాణ్ణి, రెండు ప్రశ్నలకే నీళ్లు నమిలాను. ఆమే అంది, “సంతకాలు ఆల్లయి సార్. సూపియ్యాలె వద్దా అన్నది గూడ ఆల్లనే అడగాలె గద. మనం అడగకుంట కమిటీకి ఇచ్చినా, అడగకుంట చింపినా, మల్ల ఊరంతా అన్నట్టే అయితది.”

పట్టీ తనకిస్తే మళ్లీ నలభై ఇళ్లకూ వెళ్తానంది. ఉంచమన్నవాళ్ల పేరు ఉంచుతుంది, వద్దన్నవాళ్లు తమ చేత్తో తామే కొట్టేసుకుంటారు. జవాబు చెప్పిన మనిషికి తన మాట వెనక్కి తీసుకునే హక్కు ఉంటుందని పరిశోధనా పద్ధతుల పాఠంలో ఉంది. ఒక మార్కు ప్రశ్నగా నేనే ఎన్నోసార్లు ఇచ్చాను. అది ఒక హక్కు అని, దాన్ని ఎవరైనా వాడుకుంటారని మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

శాఖ రికార్డు బయటికి ఇవ్వడం నిబంధనకు విరుద్ధం. అయినా తీసిచ్చాను. ఇచ్చి, ముట్టినట్టు ఒక రసీదు రాయించుకున్నాను. అదీ నా జబ్బే.

శుక్రవారం ఆమె రాలేదు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది. శనివారం కూడా అంతే. సాయంత్రం గాలి లేచి కళాశాల కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే, నాకు లచ్చయ్య వరి చేనే కళ్ల ముందు ఆడింది. పట్టీ కమిటీ చేతిలో పడిందా, ఆమెను ఇంట్లో కట్టడి చేశారా అని పరిపరి విధాల పోయింది మనసు. ఎవరికో ఏదో అవుతుందని కాదు, అయ్యేదానికి నేనే కారణమన్నదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆదివారం పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని షేరింగ్ ఆటో ఎక్కాను.

ఆ ఊళ్లో నేను కాలు పెట్టడం అదే మొదటిసారి. దిగగానే ఎదురొచ్చిన మనిషిని కమిటీ కూర్చునే చోటెక్కడని అడిగాను. చూస్తే ఆయన నర్సయ్యే. “గటు పోయి ఎడమకు తిరుగుండ్రి సార్” అని మర్యాదగా చెప్పి ముందు నడిచాడు.

మలుపులో మమత నిలబడి ఉంది. ఫోను బాపు గుంజుకున్నాడట. పట్టీ నా చేతిలో పెట్టింది. నలభై పేర్లలో ముప్పై ఏడు కొట్టేసి ఉన్నాయి. కొందరు ఒక్క గీతతో ఊరుకున్నారు, కొందరు కాగితం చిరిగేదాకా గీశారు. మిగిలినవి మూడే. ఒకటి మమత తల్లిది. రెండోది గొర్లు కాసే ఎల్లయ్య అనే ముసలాయనది. మూడోది ఒక వేలిముద్ర. పక్కన మమత దస్తూరిలో పేరుంది: మల్లవ్వ.

నలభై సంతకాల్లో ఆ పేరును నేను సరిచూసేటప్పుడు పట్టించుకోనే లేదు. మల్లవ్వ ముద్ర అక్కడ ఉందంటే మమత ఆమెతో మాట్లాడిందని అర్థం. బందు తప్పినవాళ్లకూ బందే. విమర్శ మాట వదిలేసినా ఈ ఒక్క ముద్ర చాలు, లచ్చయ్య ఇల్లు మునగడానికి. ఇది కొట్టేయమ్మా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నేను అడిగిన సార్. ‘కొట్టెయ్యకు బిడ్డ. ఊర్ల ఒక్కలన్న నాతోని మాట్లాడిండ్రని గదొక్కటే రుజువున్నది’ అన్నది.”

ఇక మాట్లాడే సమయం లేదు. రేకుల షెడ్డు కింద పాతికమంది దాకా కూర్చున్నారు, అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు కొందరు ఎదురింటి గోడ పక్కన నిలబడి చూస్తున్నారు, మమత వాళ్లలో కలిసింది. లచ్చయ్య ఒక మూల మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పేర్లు ఉంచినవాళ్లు చూపించమన్నారు కాబట్టి పట్టీ నర్సయ్యకు ఇచ్చాను.

కొట్టేసిన గీతలు చూసి ఆయన ముఖం విప్పారింది. “సూసిండ్రా సార్, ఊరంతా ఒక్కటే మాట” అన్నాడు. వేలితో కిందికి వచ్చాడు. లచ్చయ్య భార్య పేరు దగ్గర ఆగి, ఆడమనిషి అని వదిలేశాడు. ఎల్లయ్య దగ్గర, ముసలోనికేమెర్క అన్నాడు. మూడో పేరు దగ్గర వేలు ఆగింది. “మల్లవ్వతోని ఎవలు మాట్లాడిండ్రు?” అని తలెత్తి అడిగాడు. లచ్చయ్య లేచి నిలబడ్డాడు, భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. ఆ మనిషి తన బిడ్డేనని ఒప్పుకుంటే అంతా అయిపోతుంది.

“నేను” అన్నాను. నేనే మల్లవ్వ ఇంటికి వెళ్లి వేలిముద్ర తీసుకున్నానని, పేరు మాత్రం అమ్మాయి చేత తర్వాత రాయించానని, ఆ పిల్లకు ఏ సంబంధం లేదని చెప్పాను. ఎవరన్నారు, ఎలా తెలుసు అని ఏడాదంతా పిల్లల్ని సతాయించిన మనిషి, పాతికమంది ముందు పచ్చి అబద్ధమాడాడు. స్తంభం పట్టుకున్నాను.

నర్సయ్య నా వైపు చూశాడు. పొద్దున షెడ్డుకు దారి అడిగింది ఆయన్నే. నేను ఆ ఊళ్లో ఒక్క ఇల్లూ ఎరగనని ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. లచ్చయ్యను ఒకసారి, పైన మబ్బును ఒకసారి చూశాడు. “సారు బయటి మనిషి. బయటోళ్లకు బందు లేదు” అన్నాడు. అది ఆ ఊరి కట్టుబాటే. టపా మనిషి, కరెంటు మనిషి మల్లవ్వతో మాట్లాడితే తప్పు లేదు, ఊరివాళ్లు మాట్లాడితేనే తప్పు. ఇక ముందు మా ఊరికి రావద్దని, పుస్తకంలో ఊరి పేరు ఉండొద్దని రెండు షరతులు పెట్టి, లచ్చయ్యను కూర్చోమన్నాడు. నాకు టీ కూడా తెప్పించాడు.

మంగళవారం లచ్చయ్య పొలానికి కోతమిషను వచ్చింది. వడ్లు ఎండి, తూకమై, లారీ ఎక్కేదాకా నేను రోజూ ఆకాశం చూస్తూనే ఉన్నాను. వాన పడలేదు.

మౌఖిక పరీక్షకు వచ్చిన పరీక్షకుడు సీనియర్. పట్టీ తిప్పి చూసి, ఇన్ని కొట్టివేతలేమిటి, ఇది చెల్లుతుందా అని నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మమత చెప్పింది. మొదటిసారి అడిగినప్పుడు నలభై మంది తమను ఎవరూ అడగలేదన్నారు, కమిటీ చూస్తుందని తెలిశాక ముప్పై ఏడుగురు పేర్లు కొట్టేసుకున్నారు. “‘ఊరంతా’ అన్న మాట ఎట్ల తయారయితదో గా గీతలే సూపిస్తయి సార్. నాకు తేలింది గదే” అంది. రికార్డు చివరి అధ్యాయం కూడా అలాగే తిరగరాసింది. మల్లవ్వను ఎవరు కలిశారని ఆయన అడిగితే, “నేనే సార్” అంది, నా వైపు చూడకుండా. ఆయన మార్కులు బాగానే వేశాడు.

ఫలితాలు వచ్చాక టీసీ తీసుకోవడానికి మమత మళ్లీ వచ్చింది. పీజీ ప్రవేశ పరీక్ష రాస్తున్నానని చెప్పింది. కూర్చోమన్నాను. ఆ ఆదివారం గురించి ఏదో మంచి మాట అంటుందని ఎదురుచూశాను, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆమె నిలబడే మాట్లాడింది.

“మల్లవ్వ అడిగింది సార్. ‘గా సారెవలే బిడ్డ, నాతోని మాట్లాడిండని ఊర్ల అంటుండ్రు, నేను ఆయనను సూడనే సూడలే’ అని. ఊరోళ్లు ఒక్కలు మాట్లాడిండ్రని గా ముద్ర ఉంచుకున్నది సార్ ఆమె. మీరు గది మీ పేరు మీద ఏసుకున్నరు.”

మీ బాపు పంట గట్టెక్కింది కదమ్మా అన్నాను. “గది గూడ నిజమే సార్” అంది. నమస్కారం పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

మరుసటి ఏడు నుంచి పేర్ల పట్టీ నియమం తీసేశాను. విద్యార్థి నిజంగా తిరిగాడా లేదా అని చూడడానికి మాస్టారే ఒక పూట ఊరికి వెళ్లి రావచ్చు, దానికి జనం సంతకాలు అక్కర్లేదు. నా అనుమానం తీర్చుకోవడానికి నలభై మందిని పూచీ పెట్టానని తెలుసుకోవడానికి నాకు అంత దూరం పోవాల్సి వచ్చింది. క్షేత్ర పరిశీలనకు పంపేముందు పిల్లలకు మొదటి పాఠంగా జవాబు చెప్పినవాళ్లకు రేపు ఏమవుతుందో ఆలోచించడం చెప్పేవాణ్ణి. ప్రశ్న ఎలా అడగాలన్నది ఆ తర్వాతే. ‘విమర్శ’ అన్న మాటను రికార్డు అట్ట మీదికి రానివ్వలేదు. అడిగి చూడడం అని రాయించాను.

అబద్ధం విషయంలో నాకు ఇప్పటికీ రెండు మనసులే. అదే షెడ్డు కింద మళ్లీ నిలబెడితే మళ్లీ అదే చెబుతానేమో. కాకపోతే ఆ మాట వల్ల పోయేది నా సొత్తు కాదు. మల్లవ్వను అడగడానికి ఆ పూట వ్యవధి లేదు. తర్వాత ఆ కళాశాలలోనే ఇంకా రెండేళ్లు పనిచేశాను. ఈలోగా ఆమె జాగా కమిటీకి ఇచ్చేసిందని, బందు ఎత్తేశారని విన్నాను. ఆమె ఇంటికి పోయి, నేను చెప్పింది అబద్ధమని, నీతో మాట్లాడింది లచ్చయ్య బిడ్డేనని ఆమెకూ, ఆ వాడకూ చెప్పి రావడానికి షేరింగ్ ఆటోలో అరగంట ప్రయాణం. నేను వెళ్లలేదు. ఊరికి రావద్దన్నారు కాబట్టి వెళ్లలేదని కొన్నాళ్లు అనుకున్నాను. భయపడి వెళ్లలేదు.